తాతగారి చేతి గడియారం: డయల్ మీద పేరు చెరిగిపోయింది, ఏదో ఎలా కనుక్కోవాలి?

పాతపెట్టె:
అందరికీ నమస్కారం. మా తాతగారి వాచీ ఈమధ్య మా మేనత్త నాకిచ్చింది. ఆవిడకి తెలిసింది ఒక్కటే, ఆయన చాలా ఏళ్లు దాన్నే కట్టుకున్నారట. కంపెనీ పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

చూడ్డానికి ఇలా ఉంది. డయల్ ఒకప్పుడు వెండి తెలుపు అయి ఉంటుంది, ఇప్పుడు లేత గోధుమరంగుకి తిరిగింది. 6 అంకె ఉండాల్సిన చోట సెకన్ల ముల్లుకి చిన్న గుండ్రటి గడి. దాని కింద అంచున "స్విస్ మేడ్" అని సన్నటి అక్షరాలు. 12 కింద పేరు ఉండాల్సిన చోట ఒక మసక తప్ప ఏమీ లేదు. కేసు అడ్డంగా 34 మిల్లీమీటర్లు, కీ బొడిపె కలపకుండా. బెల్టు తగిలించే చెవుల దగ్గర పైన వెండిరంగు అరిగి లోపల పసుపుపచ్చగా కనిపిస్తోంది. వెనక మూత మీద "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంది. కీ ఇస్తే కాసేపు నడిచి ఆగిపోతోంది.

నాకు తెలియాల్సినవి: ఇది ఎవరి తయారీ, ఏ కాలానిది, ఆ పసుపు బంగారమేనా. వీటన్నిటికంటే ముఖ్యంగా, తాతయ్య దీన్ని కొత్తదే కొనుక్కున్నారా లేక ఎవరి దగ్గరైనా తీసుకున్నారా అన్నది.

భూతద్దం:
పాతపెట్టె గారూ, ముందు కీ ఇవ్వడం ఆపేయండి. ఏళ్ల తరబడి పడి ఉన్న వాచీలో నూనె ఎండి జిగురవుతుంది. ఆ స్థితిలో నడిపిస్తే చక్రాల ఇరుసులు అరుగుతాయి. గుర్తుపట్టడానికి అది నడవాల్సిన పనేమీ లేదు.

రెండో మాట ఇంకా ముఖ్యం. డయల్‌ని దేనితోనూ తుడవకండి. అక్షరాల్ని లక్క పూత మీద పలచగా అచ్చు వేస్తారు, తడిగుడ్డ తగిలితే లేచిపోతాయి. మీ డయల్ మీద పేరు పోయి "స్విస్ మేడ్" మిగిలిందంటే ఎవరో అద్దం తీసి మధ్యలో తుడిచి ఉంటారని నా అనుమానం. అంచు దాకా వేలు పోలేదు.

పసుపు బంగారం కాదు. ఇత్తడి మీద క్రోమియం పూత వేసిన కేసు అది. వంట్లో చెమట తగిలే చెవుల దగ్గరే ముందు పూత పోతుంది. వెనక మూత మాత్రం చర్మానికి ఆనుతుంది కాబట్టి స్టీలుతో చేసేవారు. ఆ రోజుల్లో ఎక్కువమంది కట్టుకున్న వాచీల తీరే అది. బంగారపు కేసైతే మూత లోపల ముద్ర ఉంటుంది. స్విస్ 18 క్యారెట్లకి స్త్రీ తల, 14 క్యారెట్లకి ఉడుత.

కొత్తచూపు:
సీరియల్ నంబరుతో సంవత్సరం తెలుసుకోవచ్చని విన్నాను. అది చూస్తే సరిపోదా?

కాలిబర్:
కొన్ని కంపెనీలకే సరిపోతుంది. ఒమేగా వాళ్లు మిషను మీద వరసగా నంబరు వేశారు. ఒక కోటీ పది లక్షల దరిదాపుల్లో ఉంటే సుమారు 1947, కోటీ ఇరవై లక్షలైతే సుమారు 1950. రోలెక్స్ పాతవాటిలో బెల్టు తీస్తే 6 వైపు చెవుల మధ్య సీరియల్, 12 వైపు మోడల్ నంబరు కనబడతాయి. సీకోలో 1960ల నుంచి వెనక మూత మీది నంబరులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల.

ఇక్కడ పేరే తెలియదు కాబట్టి మూత మీద నంబరు ఉన్నా దాన్ని ఏ పట్టికలో వెతకాలో తెలియదు. పైగా కేసు, డయల్, మిషను వేర్వేరు చోట్ల తయారై ఒకచోట కూర్చినవి అప్పట్లో కోకొల్లలు. అందుకని మిషను నుంచే మొదలుపెట్టాలి. డయల్ మారుస్తారు, ముళ్లు మారుస్తారు, కేసు కూడా మారుస్తారు. మిషను మీద కొట్టిన గుర్తు మాత్రం సాధారణంగా ఎవరూ తీసేయరు. దాన్ని చదవాలంటే మూత తెరవాల్సిందే.

పాతపెట్టె:
మూత నేనే తెరవచ్చా? కొన్ని వీడియోల్లో సన్నటి చాకుతో తీస్తున్నారు. ఇంకో విషయం, అంకెల మీద, పక్క చుక్కల మీద ఆవాలంత పసుపుగోధుమ పిండి లాంటి పూత ఉంది. చీకట్లో పెట్టి చూశాను, మెరవట్లేదు.

రాత్రిడయల్:
ఆ పూత సంగతి తేలకముందే మూత తెరవద్దు. అది రేడియం, అంటే చీకట్లో మెరవడానికి అప్పట్లో పూసిన రేడియోధార్మిక పదార్థం, అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మెరవట్లేదంటే రేడియం అయిపోయిందని కాదు అర్థం. వెలుతురు ఇచ్చేది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్. రేడియం కిరణాలు దాన్ని కొట్టీ కొట్టీ కొన్ని దశాబ్దాల్లో పాడుచేస్తాయి, వెలుగు ఆరిపోతుంది. రేడియం మాత్రం సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. మీ తాతగారి రోజుల్లో ఎంత ఉందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది.

1960ల్లో కంపెనీలు రేడియం మానేసి, అదే పనికి ట్రిటియం అనే మరో పదార్థానికి మారాయి. అలాంటి డయళ్ల మీద "స్విస్ మేడ్" పక్కన ఇంగ్లిషు "టి" అక్షరం వేయడం మొదలైంది. మీరు చెప్పిన రాతల్లో ఆ అక్షరం లేదు, పూత కాలి గోధుమరంగుకి వచ్చిందంటున్నారు. రెండూ కలిపి చూస్తే 1960లకి ముందుదనే అనిపిస్తోంది. సందేహం తీరాలంటే గైగర్ కౌంటరు (రేడియోధార్మికతని పట్టే పరికరం) ఉన్నవాళ్ల దగ్గర చూపించండి, అద్దం మీద పెట్టగానే శబ్దం పెరుగుతుంది.

భయపడి పారేయాల్సిన పనిలేదు. అద్దం మూసి ఉన్నంతసేపు పొడి బయటికి రాదు. ప్రమాదమంతా ఆ పొడిని పీల్చినా, నోట్లోకి పోయినా. కాబట్టి పూత గోకవద్దు, ఊదవద్దు, పిల్లలకి ఆటకివ్వద్దు. దిండు కిందా పడక పక్కనా కాకుండా గాలి ఆడే చోట పెట్టండి. మూత తెరిచేది పాత వాచీలు బాగుచేసి చెయ్యి తిరిగినవాళ్లయి ఉండాలి, ఇది రేడియం డయలని వాళ్లకి ముందే చెప్పండి.

పాతపెట్టె:
ధన్యవాదాలండీ. చాకు ఆలోచన మానుకున్నాను. పాత వాచీలే బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మూత తీసి, డయల్ జోలికి పోకుండా, కంటికి అద్దం పెట్టుకుని చూసి చెప్పినవి రాసుకున్నాను.

మిషను అడ్డంగా 29 మిల్లీమీటర్లు. దాని మీద "15 రూబీలు", "స్విస్ మేడ్" తప్ప పేరు లేదు. అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ చక్రం చుట్టూ చిన్న చిన్న మరలున్నాయి. చక్రం కింద, పళ్లెం మీద డాలు ఆకారపు గీతలో "ఏఎస్" అని, పక్కన 1130 అని ఉంది. చక్రం ఇరుసు మీద రాయిని పట్టుకునే స్ప్రింగు లేదట, మామూలు మర బిగించిన పలక ఉందట. మూత లోపలివైపు సూదితో గీసిన రాతలు నాలుగైదు. వాటి ఫోటోలు తీశాను.

కాలిబర్:
ఇక సగం పని అయిపోయినట్టే. ఏఎస్ అంటే ఎ. షిల్డ్, స్విట్జర్లాండ్‌లోని గ్రెంషెన్‌లో 1896లో మొదలైన కంపెనీ. వాళ్లు తమ పేరుతో వాచీలు అమ్మడం కంటే మిషన్లు చేసి ఇతరులకు ఇవ్వడం మీదే బతికారు. 1926లో ఎఫ్‌హెచ్‌ఎఫ్, ఎ. మిషెల్ కంపెనీలతో కలిసి ఎబోష్ ఎస్‌ఏ అనే సమాఖ్యలో చేరారు. మిషన్లు ఒకరు, డయళ్లు ఇంకొకరు, కేసులు మరొకరు చేస్తే, కూర్చేవాళ్లు అవన్నీ కొని తమ పేరు డయల్ మీద వేసుకుని అమ్మేవారు. అందుకే ఒకే 1130 మిషను లెక్కలేనన్ని పేర్ల కింద దొరుకుతుంది.

1130 పెద్ద మిషనే, 13 లీన్యులు. లీన్యు అంటే వాచీవాళ్ల పాత కొలత, సుమారు 2.256 మిల్లీమీటర్లు. మీ పెద్దాయన కొలిచిన 29 దానికి సరిపోయింది. గంటకి 18,000 కొట్టుడు, అంటే సెకనుకి ఐదు టిక్కులు. 15 రూబీల (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) లెక్క కూడా సరిగ్గానే ఉంది. బ్యాలెన్స్‌కి, చక్రాన్ని పట్టి వదిలే యాంకర్ కొక్కేలకి కలిపి 7, యాంకర్ ఇరుసుకి, మిగతా చక్రాల ఇరుసులకి 8. నడిమధ్య చక్రానికి కూడా వేస్తే 17 అవుతుంది.

ఇరుసుకి స్ప్రింగు లేకపోవడం కూడా కాలానికి ఆనవాలే. ఇంకాబ్లాక్ అనే వీణ ఆకారపు స్ప్రింగు 1930ల్లో వచ్చింది, 1950లు గడిచేసరికి మామూలు వాచీల్లో కూడా చేరింది. ఇది ఒక్కటే రుజువు కాదు, ఖర్చు తగ్గించుకోవడానికి లేకుండా చేసినవీ ఉన్నాయి. రేడియం, పూత కేసు, స్ప్రింగు లేని మిషను, మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి 1940లు, లేదా 1950ల మొదటి సగం అని నా అంచనా.

కొత్తచూపు:
1130 గురించి వెతికితే జర్మన్ సైన్యం వాచీలు వస్తున్నాయి. అయితే ఇది యుద్ధకాలపు సైనిక వాచీ అవుతుందా? అదైతే కథే మారిపోతుంది కదా!

కాలిబర్:
ఆ మిషనుకి జర్మన్ సైన్యం మిషనని పేరు పడిన మాట నిజం. జర్మన్ సైన్యానికి వెళ్లిన వాచీల్లో అది ఎక్కువగా ఉండేది. అయితే వాటిని గుర్తుపట్టేది మిషనుతో కాదు. వెనక మూత మీద డి, హెచ్ అక్షరాలు, వాటితో సంఖ్య కొట్టి ఉంటాయి, డయల్ సాధారణంగా నల్లగా ఉంటుంది. బ్రిటిష్ సైన్యం తీసుకున్నవాటి మీద బాణం గుర్తు ఉంటుంది. పాతపెట్టె గారి వాచీ మూత మీద ఈ రెండూ లేవు, డయల్ తెల్లటిది. అదే మిషను యుద్ధానికి ముందూ తరవాతా మామూలు జనం వాచీల్లో కూడా ఉంది.

ఈ మాట గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, "సైన్యం వాచీ" అన్న ఒక్క మాట కోసం మామూలు మూతల మీద ఇప్పుడు అక్షరాలు చెక్కించి అమ్ముతున్నవాళ్లున్నారు. ఇంట్లో వారసత్వంగా వచ్చినదానికి ఆ అబద్ధం అంటించుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

చిన్నమర:
నేను రిపేర్ పనిలోనే ఉన్నాను. మూత లోపలి గీతల ఫోటోలు పెట్టండి. అవి మాలాంటి వాళ్లు రాసుకున్నవే. వాచీ మళ్లీ వస్తే మనం చేసిందో కాదో తెలియడానికి సూదితో తేదీ, పొడి అక్షరాలు, లెక్కపుస్తకం నంబరు గీసుకుంటాం. తిరగేసి, పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తే లోతు తక్కువ ఉన్నవి కూడా కనబడతాయి.

పాతపెట్టె:
పక్క వెలుతురుతో మళ్లీ తీశాను. నాకు చదవగలిగినవి: ఒకచోట "7.51", దాని కింద ఏవో పొడి అక్షరాలు. ఇంకోచోట నాలుగంకెల సంఖ్య, తేదీ కాదనుకుంటా. మూడోచోట చాలా స్పష్టంగా "11-66", ఆ పక్కన ఇంగ్లిషులో హెచ్ లాంటి అక్షరం, దాని తరవాత ఒక చిన్న గీత. మిగతావి అర్థం కాలేదు.

చిన్నమర:
"7.51" అంటే 1951 జులై అని చదవచ్చు. అప్పటికే రిపేరుకి వచ్చిందంటే వాచీ అంతకుముందుదే. కొన్నాక మొదటి శుభ్రం మూడు నాలుగేళ్లకి చేయించడం మామూలు. కాబట్టి 1940ల రెండో సగం అంటే తప్పేం లేదు, కాలిబర్ గారి అంచనాకి పై హద్దు దొరికింది.

నాలుగంకెల సంఖ్య ఎవరి పుస్తకంలోని వరస నంబరో. ఆ పుస్తకం దొరకదు, వదిలేయండి. 1966 నవంబరు దగ్గర ఉన్న అక్షరం ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థంతో రాస్తారు. ముళ్లు మార్చినప్పుడు కొందరు ఆ మాట మొదటి అక్షరం వేస్తారు. ఇంగ్లిషులో ముల్లుని హ్యాండ్ అంటారు కదా. దాన్నే పట్టుకుని నేను తీర్పు చెప్పను. అందుకే అడుగుతున్నాను, ఇప్పుడున్న ముళ్లు ఎలా ఉన్నాయి? పూత ఉందా?

పాతపెట్టె:
ముళ్ల మీద పూత లేదు. సన్నటి పుల్లల్లా, నిండుగా, స్టీలు రంగులో ఉన్నాయి. పూత పెట్టడానికి మధ్యలో ఖాళీ కూడా లేదు.

రాత్రిడయల్:
అంకెల మీద రేడియం పెట్టి ముళ్ల మీద పెట్టకపోవడం వింత. చీకట్లో అంకెలు కనబడి ముళ్లు కనబడకపోతే టైము ఎలా చూస్తారు? దయచేసి డయల్‌ని అద్దం మీదుగానే, బాగా దగ్గరగా ఫోటో తీయండి. ముళ్ల కింద ఎక్కడైనా గోధుమరంగు మరక ఉందేమో చూడండి. ముళ్ల చోటే కాదు, వేరే చోట కూడా.

పాతపెట్టె:
ఉంది! నేను ఇన్నాళ్లూ తడి మరక అనుకున్నాను. 8కీ 9కీ మధ్య ఒకటి, 4 వైపు ఇంకొకటి పొడుగ్గా. రెండూ డయల్ మధ్య నుంచే బయల్దేరుతున్నాయి. ఫోటో పెద్దది చేస్తే పొడుగుదాని అంచులు తిన్నగా, మధ్యలో వెడల్పై చివర మొనదేలి ఉన్నాయి. ఇప్పుడున్న ముల్లుకి దాదాపు మూడింతల వెడల్పు.

రాత్రిడయల్:
అది తడి మరక కాదండీ, పాత ముళ్ల నీడ. రేడియం పూసిన ముల్లు ఒకేచోట ఏళ్ల తరబడి ఆగిపోతే, దాని కిందున్న డయల్‌ని కాల్చి ఇలా అచ్చు వదులుతుంది. రోజూ నడిచే వాచీలో ముల్లు తిరుగుతూనే ఉంటుంది, నీడ పడదు.

ఇందులో మూడు సంగతులు తేలుతున్నాయి. మొదట ఉన్నవి మధ్యలో పూతతో వెడల్పాటి ముళ్లు. ఆ ముళ్లతోనే వాచీ ఆగిపోయి, దాదాపు ఎనిమిది గంటల ఇరవై నిమిషాల దగ్గర, చాలాకాలం ఎక్కడో పడి ఉంది. ఆ తరవాత ఎవరో బాగుచేయించి సన్నటి ముళ్లు వేయించారు. చిన్నమర గారు చదివిన 1966 రాతకి ఇది సరిపోతుంది. పూత ఎండి రాలిపోతుంటే అప్పట్లో ముళ్లు మార్చేయడం మామూలే.

పాతపెట్టె:
మేనత్తకి ఫోన్ చేశాను. "మీ తాత చాన్నాళ్లు వాచీ లేకుండానే తిరిగారు, పాడైందని బీరువాలో పెట్టారు. నా పెళ్లికి ముందు బాగుచేయించుకున్నారు" అంది. నేను 1966 అన్న మాట చెప్పకముందే చెప్పింది. ఆవిడ పెళ్లి 1967లో.

ఆవిడ దగ్గర తాతయ్య వయసులో ఉన్నప్పటి ఫోటో ఒకటి ఉంది, చేతులు కట్టుకుని నిలబడ్డది. దాన్ని పెద్దది చేయించాను. వాచీ మీద రాతలు కనబడవు గానీ 6 దగ్గర గుండ్రటి గడి, వెడల్పు ముళ్లు స్పష్టంగా ఉన్నాయి. ఫోటో వెనక 1949 అని ఉంది.

చిన్నమర:
మీ నాలుగో ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు దొరకదు. 1951 నాటి మొదటి రిపేరు కంటే ముందే వాచీ ఆయన చేతికి ఉంది, అదీ అసలు ముళ్లతో. కొత్తదే కొన్నారని వంద శాతం అనలేం గానీ, ఆయనకు ముందు ఇంకొకరు ఉన్నా చాలా కొద్దికాలమే వాడి ఉంటారు.

పాతపెట్టె:
అయితే ఇప్పుడేం చేయాలి? పెద్దాయన డయల్ కొత్తగా వేయిస్తే మెరిసిపోతుందన్నారు. పాతకాలపు వెడల్పు ముళ్లు కూడా వెతికి తెస్తానన్నారు.

కాలిబర్:
ముళ్ల విషయంలో ఆయనతో ఏకీభవిస్తాను. ఫోటో ఉంది, నీడ ఉంది, కొలత ఉంది. అదే ఆకారంలో దొరికితే వేయించండి, వాచీ పుట్టినప్పటి రూపానికి వస్తుంది. పూత మాత్రం రేడియంతో వద్దు, ఖాళీగా ఉంచండి.

భూతద్దం:
నాకు అది సమ్మతం కాదు. 1966 నుంచి చివరిదాకా మీ తాతగారు టైము చూసుకున్నది ఆ సన్నటి ముళ్లలోనే. మేనత్త గుర్తుపట్టే వాచీ కూడా అదే. వేరే వాచీ ముళ్లు తెచ్చి పెడితే పుస్తకాల లెక్కకి సరిపోవచ్చు గానీ, ఆయన చేతి మీది వాచీ కాదది.

డయల్ గురించి మాత్రం ఇద్దరం ఒకే మాట చెప్తాం. కొత్తగా వేయించవద్దు. వేయిస్తే నీడ పోతుంది, మసకగా మిగిలిన పేరు పోతుంది, రేడియం పొడి లేస్తుంది. అచ్చు కూడా అసలుదానిలా రాదు. నిమిషాల గీతలు అంకెలకి ఎదురుగా నిలవకపోవడం, "స్విస్ మేడ్" ఓ పక్కకి జరగడం, అక్షరాలు లావెక్కడం, ఇవే తిరగవేసిన డయళ్ల ఆనవాళ్లు. ఎవరైనా చూసి ఇట్టే పట్టేస్తారు.

పేరు కోసం ఇంకో ప్రయత్నం చేయండి. గది చీకటి చేసి, చిన్న టార్చిని డయల్‌కి దాదాపు సమానంగా పక్కనుంచి పట్టుకుని, దాన్ని చుట్టూ తిప్పుతూ ఫోటోలు తీయండి. అచ్చు సిరా పోయినా, లక్క మీద అది ఉన్న చోటు మిగతాదానికంటే వేరే తీరుగా మెరుస్తుంది.

పాతపెట్టె:
టార్చితో చూశాను. ఆరు అక్షరాల మాటలా ఉంది. చివరిది ఇంగ్లిషు ఏ, దాని ముందు నిలువు గీత, అది ఐ కావచ్చు, ఎల్ కావచ్చు. మొదటి అక్షరం గుండ్రంగా ఉంది.

కాలిబర్:
స్విస్ వాచీ పేర్ల పాత నమోదులు అక్షరాల ప్రకారం వెతకగలిగే మైక్రోలిస్క్ పట్టిక ఆన్‌లైన్‌లో ఉంది. గుండ్రటి అక్షరంతో మొదలై ఏ తో ముగిసే ఆరక్షరాల పేర్లు చాలా వస్తాయి. అందులో 1951కి తరవాత నమోదైనవి కొట్టేయండి. మిగిలిన పేర్లతో అదే మిషను, అదే రకం కేసు ఉన్న వాచీల ఫోటోలు దొరికితే, సెకన్ల గడి చుట్టూ ఉన్న గీతల తీరు పోల్చండి. పేరు సరిపోయి గీతలు సరిపోకపోతే ఆ పేరు కాదనే లెక్క.

పేరు తేలకపోయినా మీ దగ్గరున్నది ఇదీ: ఎ. షిల్డ్ 1130 మిషను, 15 రూబీలు, క్రోమియం పూత ఇత్తడి కేసు, స్టీలు మూత, రేడియం డయల్, 1940ల తయారీ, 1966లో మారిన ముళ్లు. వారసత్వపు వాచీల్లో ఇంత వివరంగా చెప్పగలిగినవి తక్కువే.

పాతపెట్టె:
డయల్ అలాగే ఉంచమన్నాను. ముళ్లు కూడా మార్చలేదు, మేనత్త మాటే నాకు ఎక్కువనిపించింది. మిషను విప్పి శుభ్రం చేసి కొత్త నూనె వేశారు, మెయిన్ స్ప్రింగు మార్చారు. తీసిన పాత స్ప్రింగు చిన్న కవరులో పెట్టి ఇచ్చారు. ఇప్పుడు రోజంతా నడుస్తోంది, రెండు నిమిషాలు వెనకపడుతోంది. ఒక్క సందేహం: కీ ఎంతదాకా ఇవ్వాలి? ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతుందని భయంగా ఉంది.

చిన్నమర:
ఇక తిరగను అని ఆగేదాకా ఇవ్వండి, రోజూ ఒకే వేళకి. ఆగాక బలవంతం చేయకూడదు, అంతే. సగం కీ మీద నడిపితేనే టైము ఎక్కువ తప్పుతుంది. కీ ఇచ్చేటప్పుడు చేతి నుంచి తీసి ఇవ్వండి. కట్టుకునే తిప్పితే బొడిపె పక్కకి ఒత్తుకుని దాని ఇరుసు అరుగుతుంది. ఆ రెండు నిమిషాలు పది రోజులు గమనించి రాసిపెట్టండి. రోజూ అంతే తప్పుతుంటే మిషను బాగున్నట్టు, వేగం సరిచేసే రెగ్యులేటరు పుల్ల కొంచెం జరిపితే సరిపోతుంది. ఒకరోజు ముందూ ఒకరోజు వెనకా పోతుంటే నాకు చెప్పండి, బ్యాలెన్స్ ఇరుసు చూడాల్సి ఉంటుంది. ఇంకొకటి, ఆయన మూత లోపల ఈ రిపేరు తేదీ గీశారో లేదో అడగండి. గీయకపోతే కాగితం మీదే రాసి పాత స్ప్రింగు కవరులో పెట్టండి, మూత మీద కొత్త గీత వద్దు.